పిడికెడు బియ్యముతో కట్టిన సంఘము
(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



డోర్నకల్ అధ్యక్ష మండలము యొక్క చరిత్రను, పరిచర్యలను గురించి నాలుగు మాటలు చెప్పమని మాకు సెలవిచ్చారు. మేము పండితులము కాము. పల్లె సంఘములలో పుట్టి, ఉపదేశకుని గారి వీధిబడిలో అక్షరాలు దిద్ది, హాస్టలు అన్నము తిని పెద్దవారమైన వారము. కనుక పుస్తకములలోని సంగతులతో పాటు, మా పెద్దల నోట విన్నవి, మా కండ్లతో చూచినవి కలిపి చెప్పుకుంటాము.

నూరేండ్ల పండుగ అనగానే అందరి చూపు గోపురము మీదికి పోతుంది. ఇంత గొప్ప దేవాలయమును ఎవరు కట్టారు, ఈ బడులను ఎవరు పెట్టారు అని పిల్లలు అడుగుతారు. దొరలు కట్టారు, దొరల డబ్బుతో కట్టారు అని మనమే తేలికగా జవాబు చెప్పేస్తాము. ఈ జవాబు సగము మాత్రమే నిజము. మిగిలిన సగము చెప్పడానికే ఈ పూట మేము నిలుచున్నాము.

ఇరవయ్యవ శతాబ్దపు మొదట్లో డోర్నకల్ అంటే నైజాము రాజ్యములో ఒక చిన్న రైలు జంక్షను. బెజవాడ నుండి కాజీపేట పోయే దారిలో, సింగరేణి బొగ్గు గనులకు దారి చీలే చోటు. చుట్టూ అడవి, జ్వరాలు, దొరతనాలు, వెట్టిచాకిరీ. ఇక్కడికి మొదట సువార్త సేవకుని పంపినది లండను కాదు, అమెరికా కాదు. తమిళ దేశపు తిరునెల్వేలి సంఘము.

1903 ఫిబ్రవరి 12న పాళయంకోట్టైలో తిరునెల్వేలి క్రైస్తవులు కొందరు కూడి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. వారిలో ముఖ్యుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు. అప్పటికి ఆయన గురువు కూడా కాడు. వై.యం.సి.ఏ. కార్యదర్శిగా ఊరూరూ తిరుగుతున్న యువకుడు. 1902లో సిలోనులోని యాళ్పాణము వెళ్ళి, అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ఖర్చుతో సేవకులను పంపడము చూచి, మన వారెందుకు చేయరాదని ఆలోచించాడు. పని చేసేవారు మన దేశస్థులే, ఖర్చు పెట్టేది మన దేశస్థులే, నిర్వహించేది కూడా మన దేశస్థులే కావలెనని వారు నియమము పెట్టుకున్నారు. ఆ సొసైటీ ఎన్నుకున్న పొలమే డోర్నకల్. కల్లుగీత వృత్తిలోను, చిన్న వ్యాపారములలోను బ్రతికే కుటుంబములనుండి వచ్చిన తమిళ విశ్వాసుల కానుకలే మన సంఘమునకు మొదటి విత్తనము. ఈ మాట మన పిల్లలు తప్పక నేర్చుకోవాలి.

అజరయ్య గారు 1874 ఆగస్టు 17న వెల్లలన్‌విలై గ్రామములో ఒక గురువు ఇంట పుట్టారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు గాని పట్టా చేతికి రాలేదు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడారు. కట్నము, ఆర్భాటము లేని పెండ్లి అది. 1909లో గురుత్వాభిషేకము పొంది, పట్టణపు ఉద్యోగము వదలి, భార్యాబిడ్డలతో ఈ అడవికి వచ్చారు. ముప్పది అయిదేండ్ల వయసులో తెలుగు అక్షరాలు దిద్దారు. ఆ భాషలోనే తరువాత వేలాది మందికి బోధించారు. అమ్మగారు పల్లె స్త్రీల మధ్య కూర్చుండి పని చేశారు. ఈ మండలములో స్త్రీల పరిచర్యకు ఆమె పునాది వేసిందంటే అతిశయోక్తి కాదు.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినప్పుడు అజరయ్య గారు వెళ్ళి మాటలాడారు. దొరలు తమ ఆస్తిని, ప్రాణమును ఇచ్చిన మాట నిజమేనని ఒప్పుకొని, అయితే తమకు కావలసినది స్నేహమని, సమానులుగా కూర్చుండబెట్టే ప్రేమ అని ఆ సభ ముందు ధైర్యముగా అడిగారు. కొందరికి కోపము వచ్చింది. కాని మూడేండ్లు తిరగకముందే, 1912 డిసెంబరు 29న, కలకత్తాలోని సెయింటు పాల్ కెథీడ్రలులో ఆయన డోర్నకల్ బిషప్పుగా అభిషేకింపబడ్డారు. ఆంగ్లికన్ సంఘములో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. ఆ దినమే మన మండలము పుట్టిన దినము.

మొదట మన మండలము చాలా చిన్నది. తరువాత 1920 ప్రాంతములో కృష్ణా, కర్నూలు సీమల ఆంగ్లికన్ సంఘములు కూడా దీనిలో చేరాయి. ఆ సంఘములకు అంతకు ముందే పెద్ద చరిత్ర ఉన్నది. 1841లో రాబర్టు నోబుల్ గారు, హెన్రీ ఫాక్సు గారు మచిలీపట్నము వచ్చి పని ఆరంభించారు. నోబుల్ గారి పాఠశాలలో పై కులముల పిల్లలు చదివారు. పల్లెల్లో వెలుగు మాత్రము వేరే దారిన వచ్చింది. రాఘవాపురములో పగోలు వెంకయ్య అనే మాల రైతు కనిపించే బొమ్మలకంటె గొప్పవాడైన దేవుని వెదకుచు తిరిగాడు. బెజవాడలో కృష్ణ స్నానాలకు వచ్చిన జనములో ఉండగా, డార్లింగు పాదిరి గారి సంగతి విని ఆయన యొద్దకు వెళ్ళాడు. 1859లో బాప్తిస్మము పొంది తన ఊరికి తిరిగి వచ్చి, తన వారికి తానే చెప్పుకున్నాడు. ఆయనకు జీతము లేదు, బిరుదు లేదు. కృష్ణా సీమలో వందల పల్లెలకు సువార్త అలాటి వారి నోటనే వెళ్ళింది.

తరువాత మన మండలమైన ప్రాంతమంతటిలో 1912లో సుమారు 56 వేల మంది ఆంగ్లికన్ క్రైస్తవులు ఉండేవారు. 1941 నాటికి ఆ సంఖ్య సుమారు 2 లక్షల 25 వేలయింది. ఇది ఎట్లా జరిగింది?

వచ్చినవారు అత్యధికులు మాల, మాదిగ పల్లెల వారు. ఊరి బావి వారికి లేదు. ఊరి బడి లేదు. పుట్టినది మొదలు చచ్చేవరకు ఒకరి పొలములో పాలేరు. ఆ పల్లెకు ఒక ఉపదేశకుడు భార్యతో వచ్చి పూరిపాకలో దిగేవాడు. పగలు పిల్లలకు బడి, రాత్రి కూలినుండి వచ్చిన పెద్దలకు లాంతరు వెలుతురులో బడి. ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణము, పది ఆజ్ఞలు చదువు రానివారికి నోటికి వచ్చేవరకు చెప్పించేవాడు. కీర్తనలు పాడించేవాడు. ఉపదేశకునితో పాటు అతని భార్యకు కూడా శిక్షణ ఉండాలని అజరయ్య గారు పట్టుబట్టారు. డోర్నకల్‌లో దైవజ్ఞాన విద్యార్థుల భార్యలు కూడా చదువుకున్నారు. ఒక ఇంటిలో అమ్మకు అక్షరము వస్తే, ఆ ఇంటిలో మరి అక్షరము పోదని ఆ కాలపు పెద్దలకు తెలుసు.

బిషప్పు గారు ఎద్దుబండి మీద, సైకిలు మీద ఊరూరూ తిరిగేవారు. పల్లెలో నాలుగు దయ్యములు ఉన్నాయి, వాటిని వెళ్ళగొట్టాలని చెప్పేవారు. మురికి, రోగము, అప్పు, తాగుడు, ఇవే ఆ నాలుగు. సువార్త అంటే ఆయనకు ఆదివారపు మాట కాదు. కుండలో గంజి, ఒంటిమీది బట్ట, షావుకారు పద్దు అన్నీ సువార్తలోనివే.

ఆయన ఏర్పాటు చేసిన ఒక ఆచారమును మా పెద్దలు కన్నులు చెమర్చగా చెప్పేవారు. బాప్తిస్మము పొందిన ప్రతివాడు తన చేతిని తన తలమీద పెట్టుకొని, తాను బాప్తిస్మము పొందిన క్రైస్తవుడనని, సువార్త ప్రకటింపకపోతే తనకు శ్రమ అని పలకాలి. అపొస్తలుడైన పౌలు మాటలను పల్లె కూలి తన సొంత ప్రమాణముగా చేసుకున్నాడు. ఏటేటా సాక్ష్య వారము వచ్చేది. ఆ వారము కూలి మానుకొని, సద్ది కట్టుకొని, స్త్రీలు పురుషులు గుంపులుగా చుట్టుపట్ల గ్రామములకు పోయి, కీర్తనలు పాడి, తమ జీవితములో జరిగిన మార్పును చెప్పేవారు. 1920, 1930లలో పై కులముల వారు కూడా సంఘము వైపు చూడడము మొదలుపెట్టారు. వారిని కదిలించినది పండితుల వాదము కాదు. తమ పొలములో పని చేసే కూలి మనిషి తాగుడు మానడము, అబద్ధమాడకపోవడము, బిడ్డను బడికి పంపడము వారు కండ్లారా చూచారు.

ఇక కానుకల సంగతి. పల్లెలో డబ్బు లేదు. కూలి గింజలలోనే దొరికేది. అందుచేత ఇంటి ఇల్లాలు ఎసరు పెట్టేటప్పుడు బియ్యములోనుండి ఒక పిడికెడు తీసి వేరే ముంతలో వేసేది. బియ్యము లేని ఇంట జొన్నలు, సజ్జలు వేసేవారు. ఆదివారము ఆ ముంత గుడికి వచ్చేది. నలుగురికి చాలని అన్నములోనుండి తీసిన పిడికెడు అది. కోత పండుగకు కోడి, గుమ్మడికాయ, బెల్లపు ముద్ద, మేకపిల్ల, ధాన్యపు మూట బలిపీఠము ముందుకు వచ్చేవి. ఆరాధన ముగిసిన తరువాత గుడి ముందర వేలము పాట. తాము తెచ్చిన కోడినే మరల పాడి ఎక్కువ ధరకు కొనుక్కున్న అమాయకులు కూడా ఉండేవారు. ఉపదేశకుని జీతము, గుడి పైకప్పు, పేద విద్యార్థి ఫీజు అన్నిటికి ఆ ముంతే ఆధారము. కానుక పేదవానికి భారము కాదు, అది అతని గౌరవమని అజరయ్య గారు నేర్పారు. తీసుకొనే చేయి ఇచ్చే చేయి అయిన దినముననే పల్లె మనిషి నిటారుగా నిలబడ్డాడు.

మన ఎపిఫనీ కెథీడ్రలు 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడింది. దాని గుమ్మటములను, స్తంభములను, రాతిలో చెక్కిన పద్మములను చూడండి. హిందువుల గుడి, ముసల్మానుల మసీదు, క్రైస్తవుల మందిరము మూడింటి సొగసును కలిపి కట్టారు. యేసు ప్రభువు ఈ దేశమునకు పరాయివాడు కాడని రాళ్ళతో చెప్పించారు. విదేశ సహాయము లేదని మేము అనము. కాని ఈ గోపురము క్రింద ఎన్ని పిడికెళ్ళ బియ్యము ఉన్నదో లెక్క వ్రాసినవారు లేరు.

ఐక్యత విషయములో కూడా మన మండలము ముందు నడిచింది. 1919లో తరంగంబాడిలో 33 మంది కూడి దక్షిణ భారతదేశపు సంఘములు ఏకము కావాలని ప్రకటన చేశారు. వారిలో అజరయ్య గారు ముఖ్యులు. ఈ విభేదములు మనము పుట్టించినవి కావు, మనము మోయనక్కరలేదని వారి భావము. రాజకీయములలో కూడా క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వద్దని ఆయన నిలబడ్డారు. సంఘము ఈ దేశములో పాలలో పంచదారవలె కలియాలి గాని గోడ కట్టుకొని కూర్చోరాదని ఆయన తలంపు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. తాను పాతికేండ్లు శ్రమించిన దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న మద్రాసులో పుట్టినప్పుడు చూడడానికి ఆయన లేరు. ఆయన నాటిన చెట్టు నీడలో మనము కూర్చున్నాము.

తరువాత కాలములో పరిచర్యలు విస్తరించాయి. బడులు, హాస్టళ్ళు, ఆసుపత్రులు, స్త్రీల మైత్రి, యువజన సహవాసము, ఆదివారపు బడి పెరిగాయి. 1964లో లూథరను, బాప్టిస్టు సోదరులతో డోర్నకల్ వేదాంత పాఠశాల కలిసి ఆంధ్ర క్రైస్తవ థియలాజికల్ కళాశాల ఏర్పడింది. ఆ కళాశాల నేడు హైదరాబాదులో అన్ని సంఘముల వారికి గురువులను తయారు చేస్తున్నది. ఒకప్పుడు మన మండలములోనే ఉన్న నంద్యాల సీమ వేరు మండలమైనది. 2013 సెప్టెంబరు 30న అక్కడ ఇ. పుష్పలలిత గారు దక్షిణ ఇండియా సంఘపు మొదటి మహిళా బిషప్పుగా అభిషిక్తులయ్యారు. ఉపదేశకుని భార్యకు అక్షరము నేర్పిన సంఘము ఒక తెలుగు ఆడపడుచు చేతికి కాపరి కర్ర ఇచ్చే వరకు వచ్చింది. దీనికి దేవునికి స్తోత్రము.

ప్రియ సహోదరీ సహోదరులారా, ఇంతవరకు చెప్పినది వినడానికి బాగుంటుంది. ఇప్పుడు కష్టమైన మాట చెప్పాలి. పండుగనాడు ఎందుకని అనకండి. పండుగనాడే ఇల్లు ఊడ్చుకుంటాము.

మేము ఎరిగిన ఒక పల్లె సంఘములో కొన్నేండ్ల క్రిందట కమిటీ ఎన్నికలు వచ్చాయి. రెండు వర్గాలయ్యాయి. పేరు గుడి లెక్కలదే గాని, లోపల ఉన్నది ఆ పేట, ఈ పేట అనే పాత విషము. మాటలు పెరిగి, ఒక వర్గమువారు గుడి తలుపుకు తాళము వేశారు. రెండవ వర్గమువారు దాని మీద మరొక తాళము వేశారు. ఆ ఆదివారము మేమూ అక్కడ ఉన్నాము. పురుషులందరము రోడ్డు మీద నిలబడి ఎవరిది న్యాయమో వాదించుకుంటున్నాము. ఇంతలో ఒక ముసలమ్మ తన బియ్యపు ముంతతో వచ్చింది. రెండు తాళములు చూచింది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. ముంతను గడప మీద పెట్టి, మోకరించి ప్రార్థన చేసుకొని, వెళ్ళిపోయింది. మరి ఇద్దరు ముగ్గురు స్త్రీలు కూడా అట్లే చేశారు. మధ్యాహ్నము వరకు ఆ ముంతలు అక్కడే ఎండలో ఉన్నాయి. వాటిని లోపలికి తీసికొనిపోయే అర్హత మాలో ఎవరికి ఉన్నది? మేము కూడా ఒక వర్గములోని వారమే. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

తాళములు తరువాత తీశారు. సంధి అయింది. కాని ప్రశ్న మిగిలింది. మాల, మాదిగ అనక ఒకే గిన్నెలో ప్రభు భోజనము తీసుకోమని మన మొదటి తరమునకు నేర్పారు. ఆ రోజుల్లో అది ప్రాణముమీదికి వచ్చిన సంగతి. వారు తడబడ్డారు, గొణిగారు, అయినా నేర్చుకున్నారు. మనమో, గిన్నె దగ్గర ఒకటిగా ఉండి, పెండ్లి సంబంధము దగ్గర, శ్మశానము దగ్గర, ఓటు దగ్గర వేరైపోతున్నాము. బయటివారు మనలను అంటరానివారన్నప్పుడు ఏడ్చాము. మనలో మనము అనుకుంటే ఎవరి దగ్గర ఏడవాలి?

సాక్ష్యము సంగతి కూడా అంతే. ఒకప్పుడు తలమీద చేయి పెట్టుకొని ప్రమాణము చేసిన కూలివాడు సువార్తికుడు. ఇప్పుడు సువార్త జీతము తీసుకొనేవారి పని అని వారి మీద వదలివేశాము. మైకులు పెద్దవయ్యాయి, పొరుగింటివానితో మాట చిన్నదయింది. మన నడవడి చూచి ఒక పొరుగువాడు ఆశ్చర్యపడి ఎన్నాళ్ళయింది?

కానుకలు రూపాయలలో పెరిగిన మాట నిజము. ఫోనులో పంపే కానుక కూడా కానుకే, దానిని మేము తక్కువ చేయము. కాని పిడికెడు బియ్యము ఇంటిల్లిపాది ఎదుట తీసేవారు. అమ్మ చేయి చూచి బిడ్డ నేర్చుకున్నాడు. మన కానుకను నేడు మన బిడ్డ చూస్తున్నాడా?

మన తాతలు మనకు ఇచ్చినది స్థలములు, కట్టడములు మాత్రమే అయితే, వాటి కోసము కోర్టు మెట్లు ఎక్కడమే మన చరిత్ర అవుతుంది. వారు ఇచ్చినది ఇచ్చే చేయి, సాక్ష్యమిచ్చే నోరు, ఒకే బల్ల. ఈ మూడు మనలో ఉన్నాయా లేవా అన్నదే నూరేండ్ల లెక్క.

మా మనవి చిన్నది. ఈ పండుగ నుండి ఇంటికి పోయి, ప్రతి కుటుంబము ఒక ముంతను మరల పొయ్యి దగ్గర పెట్టుకుందాము. ప్రతి పాస్టరేటులోను సాక్ష్య వారమును మరల నిలబెట్టుకుందాము. మైకులతో కాక, కాలినడకన పోదాము. ఏటికి ఒకసారైనా ఆ పేటవారు ఈ పేటవారి ఇండ్లలో, ఈ పేటవారు ఆ పేటవారి ఇండ్లలో భోజనము చేద్దాము. ఉపదేశకుని జీతము పండుగకు ముందే ఇద్దాము. ఆదివారపు బడి పిల్లలకు పగోలు వెంకయ్య గారి కథ, అజరయ్య గారి కథ, వారి తాతముత్తాతల కథ చెబుదాము.

ఆ ముసలమ్మ ఇప్పుడు లేదు. ఆమె పేరు ఏ శిలాఫలకము మీద లేదు, ఈ సంచికలోను ఉండదు. ఆమె పిడికిలి వంటి వేలాది పిడికిళ్ళు ఈ మండలమును నూరేండ్లు మోసాయి. రెండవ నూరేండ్లకు ఆ పిడికిలి మనది కావాలి. అందుకు కావలసిన కృపను ప్రభువు మనకందరికి అనుగ్రహించును గాక.  ఆమేన్.